టైరు కింద రాయి పెట్టే చేయి ఎవరిది?

వాలులో ఆగిన టిప్పర్ వెనక్కి జారకుండా టైరు కింద ఓ బండరాయి పెడతారు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల సెల్లార్ తవ్వకాల దగ్గర ఇది కొత్త దృశ్యమేమీ కాదు. డ్రైవర్ సీట్లో ఉంటాడు. సూపర్‌వైజర్ గట్టు మీద ఉంటాడు. రాయి పట్టుకుని టైరు పక్కన వంగేది క్లీనర్, లేదంటే ఆ పూటకు అడ్డా మీద నుంచి తెచ్చుకున్న కూలీ. బ్రేకు చేయాల్సిన పనిని మనిషి చేత చేయిస్తున్నారన్నమాట. ఆ మనిషి ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ఇళ్ల నుంచే రావడం యాదృచ్ఛికం కాదు.

తూర్పు హైదరాబాద్ కొన్నేళ్లుగా తవ్వకాల మీదే పెరుగుతోంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాయి. 2018లో మెట్రో వచ్చింది. కొత్తపేటలోని పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన జరిగింది. వీటి వెంటే అపార్ట్‌మెంట్లు, షాపింగ్ కాంప్లెక్సులు, వాటికి సెల్లార్లు. పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి మట్టి తోలేది ఎక్కువగా రాత్రిళ్లే. చీకటి, బురద, తాత్కాలికంగా వేసిన ర్యాంపు, నిండా మట్టితో ఉన్న బండి. పార్కింగ్ బ్రేకుకు అసలు పరీక్ష అక్కడే.

ఈ బ్రేకు ఎలా పనిచేస్తుందో కూలీకి కూడా తెలియాలి. భారీ వాహనాల్లో పెడల్ బ్రేకు గాలి ఒత్తిడితో పడుతుంది. గాలి లేకపోతే ఆ బ్రేకు లేదు. అందుకే వెనక చక్రాల దగ్గర బలమైన స్ప్రింగ్ ఉన్న మరో అర పెడతారు. ఇది తలకిందులుగా పనిచేస్తుంది. గాలి ఉన్నంతసేపు స్ప్రింగ్ ముడుచుకుని ఉంటుంది. గాలి పోయిన మరుక్షణం విప్పుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అంటే గొట్టం పగిలితే బండి పారిపోదు, ఆగిపోతుంది. పార్కింగ్ బ్రేకూ ఇదే, ఆపదలో ఆదుకునే బ్రేకూ ఇదే.

దీన్ని చంపేయడమూ తేలికే. గాలి లేని బండిని కదిలించడానికి మెకానిక్‌లు వెనకున్న బోల్టు తిప్పి స్ప్రింగ్‌ను బంధిస్తారు. పని అయ్యాక దాన్ని మళ్లీ విప్పాలి. ట్రిప్పు పోతుందన్న తొందరలో విప్పకుండా వదిలేస్తే ఆ చక్రానికి పార్కింగ్ బ్రేకు లేనట్టే. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేకు చక్రాలను కాకుండా ఇంజన్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. ఆ షాఫ్ట్ విరిగినా, వెనక చక్రాల్లో ఒకటి బురదలో పట్టు తప్పినా బండి కదులుతుంది. గాలి లీకులు, అరిగిన లైనర్లు, మోయగలిగిన దానికి మించిన లోడు దీనికి తోడు.

చట్టం మౌనంగా ఏమీ లేదు. డ్రైవర్ సీట్లో లేనప్పుడు ఇంజన్ ఆపి, బ్రేకు వేసి, బండి దానంతట అది కదలకుండా చూడాలని 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. పార్కింగ్ బ్రేకు ఉండాలని 1989 కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. ఐక్యరాజ్యసమితి 13వ వాహన నిబంధన ప్రకారం పూర్తి లోడుతో ఉన్న బండిని పార్కింగ్ బ్రేకు 18 శాతం వాలులో నిలపాలి. ఖాళీ బండిని సమతల నేల మీద పరీక్షిస్తే ఆ సంగతి తేలదు.

అసలు చిక్కు గుంత దగ్గరే మొదలవుతుంది. ఫ్యాక్టరీలోనో, మూసిన ఆవరణలోనో మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా తయారైన వాహనం ఈ చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. అలాంటి డంపర్ సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో తిరిగితే గనుల భద్రతా డైరెక్టరేట్ అడుగుతుంది. మట్టి తోడే యంత్రాలకు మామూలు, అత్యవసర, పార్కింగ్ అని మూడు రకాల బ్రేకులను నిర్దేశించే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. మరి దిల్‌సుఖ్‌నగర్ సందులో సెల్లార్ గుంత? అది గని కాదు, రోడ్డూ కాదు. నంబరు ప్లేటున్న టిప్పర్ అక్కడ కూలీని నలిపేస్తే ఇది బహిరంగ స్థలం కాదనే వాదనకు తావుంది. ఎందుకంటే తప్పనిసరి బీమా బహిరంగ స్థలంలో వాడకానికే. కానీ ఆ టిప్పర్ అదే బ్రేకుతో రోడ్డు మీదుగానే కదా గుంత దగ్గరికి వచ్చింది! లోపాన్ని మామూలు జాగ్రత్తతో కనిపెట్టే వీలున్నా బండిని రోడ్డెక్కించిన వారిని 190వ సెక్షన్ బాధ్యుల్ని చేస్తుంది. డ్రైవర్‌ను మాత్రమే కాదు, నడపనిచ్చిన వారిని కూడా.

కేసు మాత్రం మొదట డ్రైవర్ మెడకే చుట్టుకుంటుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. చచ్చినవాడు ఒక బస్తీవాడైతే, జైలుకు పోయేవాడు పక్క బస్తీవాడు. రెండు కుటుంబాలు స్టేషన్ మెట్ల మీద ఎదురుబొదురుగా నిలబడతాయి. బ్రేకు రిపేరు వాయిదా వేసిన యజమాని, ట్రిప్పుల లెక్కన తరిమిన కాంట్రాక్టర్ ఆ మెట్ల దగ్గర కనిపించరు.

యంత్రం ఉన్నా మనిషినే దించడం మనకు కొత్త కాదు. 2021 ఆగస్టులో ఇదే ఎల్బీనగర్ ప్రాంతంలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. అప్పటికే 2013 చట్టం అమల్లో ఉంది. మ్యాన్‌హోల్‌కు యంత్రం, టైరుకు బ్రేకు ఖర్చుతో కూడినవి. మన ప్రాణం చవకన్న లెక్క ఉన్నంతకాలం ఆ ఖర్చు ఎవరూ పెట్టరు.

అమెరికా రైళ్లలో ఒకప్పుడు బ్రేకులు వేయడానికి మనుషులు కదిలే పెట్టెల పైన పరుగెత్తి చేతి చక్రాలు తిప్పేవారు. జారిపడి ఎందరో చనిపోయారు. గాలి పోతే తనంతట తానే పడే బ్రేకును వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే తయారుచేశాడు. రైల్వేలన్నిటికీ ఎయిర్ బ్రేకులు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 1893లో. పరికరానికీ చట్టానికీ మధ్య ఇరవై ఏళ్లు. కార్మికుల ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మన గుంతల దగ్గర ఆ మధ్య కాలం ఇంకా ముగియలేదు.

ఇందులో మరో కోణం ఉంది. 2021లో మొదలైన దళితబంధు కింద 10 లక్షల రూపాయల సాయంతో చాలా కుటుంబాలు వాహనాలు ఎంచుకున్నాయి. కూలీ యజమాని కావడం మనం కోరుకున్నదే. అయితే కాంట్రాక్టర్ ఇచ్చే కిరాయిలో డీజిల్, టైర్లు పోగా బ్రేకులకు మిగిలేదెంత? భద్రత ఖర్చును చిన్న యజమాని నెత్తిన రుద్దితే, దళితుడి బండి కింద దళితుడే పడే రోజు వస్తుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. సెల్లార్ తవ్వకానికి అనుమతిచ్చేటప్పుడే ర్యాంపు వాలు, అక్కడికి వచ్చే బండ్ల పార్కింగ్ బ్రేకు తనిఖీ షరతులుగా ఉండాలి. రాయికి బదులు పిడి ఉన్న చక్రపు దిమ్మెలు ప్రతి బండిలో ఉండాలి. బండి ఆగి, బ్రేకు పడిందని డ్రైవర్ చెప్పేదాకా ఎవరినీ టైరు దగ్గరికి పంపకూడదు. పాత బండ్లకు స్ప్రింగ్ బ్రేకు బిగించుకోవడానికి ఎస్సీ కార్పొరేషన్ సాయం చేయాలి. మరణం జరిగితే ఎఫ్ఐఆర్‌లో యజమాని, కాంట్రాక్టర్ పేర్లు కూడా ఉండాలి.

భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టం 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. పది మంది కంటే తక్కువ పనిచేసే చోటు పాత చట్టంలోనూ బయటే ఉంది, కొత్త కోడ్‌లోనూ సాధారణంగా బయటే. రాత్రిపూట ఒక టిప్పర్, ఒక జేసీబీ, నలుగురు కూలీలు ఉన్న గుంత సరిగ్గా ఆ బయటే ఉంది. కార్మిక సంఘాలూ, దళిత సంఘాలూ కలిసి ముందుగా అడగాల్సింది ఆ గుంత గురించే.