నిద్ర, రక్తం, జ్ఞాపకం: ఇంటర్మీడియట్ పరీక్షల గురించి ఒక వైద్యుని మాట

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు, ఒక మార్చి నెల ఉదయాన పరీక్ష హాలు నుంచి నేరుగా ఒక పదిహేడేళ్ళ అమ్మాయిని మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం, బైపీసీ. ప్రశ్నపత్రం చేతికందిన గంటకు కళ్ళు తిరిగి బల్ల మీదికి ఒరిగిపోయిందట. నాడి వేగంగా కొట్టుకుంటోంది. కనురెప్ప లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములకు కాస్త పైన తేలింది.

ఆ అమ్మాయి నాకు కొత్త కాదు. అంతకు నాలుగు నెలల ముందు, దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తండ్రి ఆమెను నా దగ్గరకే తీసుకువచ్చాడు. "చదివినది గుర్తుండడం లేదంటోందండీ. క్లాసులో కునుకు తీస్తోందని కాలేజీ వాళ్ళు ఫోను చేశారు. జ్ఞాపకశక్తికి ఏదైనా టానిక్కు రాయండి" అన్నాడు. బయట వరుసలో నలభై మంది రోగులున్నారు. "పరీక్షల భయం, అంతకు మించి ఏమీ లేదు" అని చెప్పి ఒక టానిక్కు రాసి పంపించాను. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, ఏమి తింటున్నావు, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటోందా అన్న మూడు ప్రశ్నలు అడగడానికి మూడు నిమిషాలు పట్టేది. నేను అడగలేదు. ఆ యేడు ఆ పిల్ల ఆ పరీక్ష తప్పింది.

ఇంటర్మీడియట్ చదువుల గురించి నేను వ్రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఆ ఋణం తీరనిది కనుక వ్రాస్తున్నాను. చదువును మనం సంకల్పానికి, క్రమశిక్షణకు, ట్యూషన్లకు సంబంధించిన విషయంగానే చూస్తాము. చదివేది మెదడు. అది శరీరంలోని అవయవం. దానికి నిద్ర కావాలి, ప్రాణవాయువును మోసుకువచ్చే రక్తం కావాలి, భయం లేని కొంత వెసులుబాటు కావాలి. ఈ మూడింటినీ తగ్గించి గంటలు పెంచితే మార్కులు పెరుగుతాయన్న నమ్మకం తప్పని నా అభిప్రాయం.

నిద్ర లెక్క

మన రాష్ట్రాలలో చాలా రెసిడెన్షియల్ కాలేజీల దినచర్య ఇంచుమించు ఒకటే. ఉదయం 5 గంటలకు గంట మ్రోగుతుంది. రాత్రి స్టడీ అవర్లు ముగిసేసరికి 11 అవుతుంది. పడక చేరి, కన్ను మూసి, మళ్ళీ స్నానాల గదుల దగ్గర వరుసలో నిలబడడానికి గంట కంటే ముందే లేచే పిల్లకు దక్కేది అయిదున్నర గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్ళ వయసు వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణుల సిఫారసు. కనీసపు 8 గంటలే తీసుకున్నా రోజుకు రెండున్నర గంటల లోటు. వారానికి పదిహేడున్నర గంటలు. అంటే ప్రతి వారం రెండు రాత్రులు పూర్తిగా మేలుకొన్న దానితో సమానం.

ఆ నిద్రలో మెదడు ఊరక ఉండదు. పగలు నేర్చుకున్నది మొదట హిప్పోకాంపస్ అనే భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. గాఢనిద్రలో ఆ ముద్రలు తిరిగి చైతన్యం పొంది, మెదడు పైపొరలలో స్థిరపడతాయి. పగటి పద్దులను రాత్రి కూర్చుని పేరు పేరునా ఖాతాలకెక్కించే గుమస్తా పని వంటిదది. గుమస్తాను ఇంటికి పంపివేస్తే పద్దులు చిత్తు పుస్తకంలోనే ఉండిపోతాయి. "రాత్రంతా చదివాను, హాలులో ఒక్కటీ గుర్తు రాలేదు" అనే పిల్లలు అబద్ధమాడడం లేదు.

మరొక సంగతి. యౌవనారంభంలో శరీరపు గడియారమే కొంత వెనుకకు జరుగుతుంది. నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను ఆ వయసులో రాత్రి ఆలస్యంగా వెలువడుతుంది. తెల్లవారుజామున లేవలేకపోవడం ఆ వయసు స్వభావం. దానిని సోమరితనమని తిట్టడం అన్యాయం. నిద్రను ఆపడానికి రాత్రి కాఫీలు త్రాగించడం మరింత పొరపాటు. త్రాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి తొలగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు త్రాగిన కాఫీ అర్ధరాత్రి దాటినా పని చేస్తూనే ఉంటుంది.

రక్తం సంగతి ఎవరు చూస్తున్నారు?

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లలలో నూటికి 31 మందికి ఉంది. ఇంటర్మీడియట్ వయసు సరిగ్గా ఇదే. ఒక తరగతి గదిలో అరవై మంది ఆడపిల్లలు కూర్చుంటే వారిలో సగం మందికి పైగా తక్కువ రక్తంతో చదువుతున్నారని భావించవచ్చు.

రక్తహీనతలో కనిపించేదేమిటి? అలసట, తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం, మాట మాటకు చిరాకు, ఏకాగ్రత నిలవకపోవడం. ఇనుము లోపం మెదడులోని రసాయనిక సందేశాల తయారీని కూడా కుంటుపరుస్తుంది. ఇంట్లో ఈ లక్షణాలన్నింటికీ కలిపి ఒకే పేరు పెడతారు, "శ్రద్ధ లేదు" అని.

యుక్తవయసు పిల్లలకు వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన నీలం రంగు మాత్ర ఇచ్చే ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. ప్రధానంగా అది ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు, బడి మానిన ఆడపిల్లలకు ఉద్దేశించినది. పదవ తరగతి కాగానే ప్రైవేటు కాలేజీ హాస్టలులో చేరిన పిల్ల ఆ వలయం నుంచి జారిపోతుంది. లక్షల రూపాయల ఫీజు కట్టించుకునే చోట ఒక హిమోగ్లోబిన్ పరీక్ష చేయించే వారుండరు. జూన్‌లో చేరినప్పుడు ఒకసారి, డిసెంబరులో మరొకసారి ఈ పరీక్ష జరగాలని నా కోరిక. ఆడపిల్లలలో 12, మగపిల్లలలో 13 గ్రాములకు తగ్గితే వైద్యుని సంప్రదించాలి. కారణం తెలుసుకుని, నులిపురుగులకు మందు వేసి, ఇనుము మాత్రలు క్రమం తప్పక కొన్ని నెలలు వాడాలి. మాత్రలు వాడుతున్నప్పుడు మలం నల్లబడితే భయపడనక్కరలేదు. అది ఇనుము రంగు.

ఆహారంలో తోటకూర, రాగులు, నువ్వులు, పప్పుధాన్యాలు, తినేవారు మాంసం, కాలేయం తీసుకోవాలి. అన్నంతో పాటు నిమ్మరసం, ఉసిరి, భోజనానంతరం జామకాయ ఇనుమును ఒంటికి పట్టిస్తాయి. భోజనం వెంటనే టీ, కాఫీ త్రాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట ఆగాలి.

చదివే తీరు

గంటలు తగ్గిస్తే సిలబసు ఎలా పూర్తవుతుందని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం చదివే తీరులో ఉంది. మరపు గురించి ఎబింగ్‌హౌస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1885లోనే ప్రయోగఫలితాలు ప్రచురించాడు. నేర్చుకున్నదానిలో అధికభాగం మొదటి గంటలలో, మొదటి రోజులలో జారిపోతుందని, ఎడం ఎడంగా మరల మరల చూచుకుంటే నిలుస్తుందని ఆయన చూపాడు.

2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు మరొక సంగతి చూపారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివిన వారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే వారికి గుర్తున్నది నూటికి 42 పాళ్ళు, పుస్తకం మూసి వ్రాసిన వారికి 56 పాళ్ళు. చదివినదే చదువుతుంటే వచ్చినట్లు తోస్తుంది. పుస్తకం మూస్తేనే వచ్చిందో లేదో తెలుస్తుంది.

కనుక విద్యార్థులకు నేను చెప్పేది ఇది. ఒక అధ్యాయం చదివిన మరునాడు, తరువాత వారానికి, తరువాత నెలకు దానిని పుస్తకం మూసి వ్రాయండి. తప్పినవి మాత్రమే మళ్ళీ చదవండి. వారానికొక పాత ప్రశ్నపత్రాన్ని మూడు గంటలు గడియారం ముందు పెట్టుకుని, పరీక్ష జరిగే ఉదయం వేళలోనే వ్రాయండి. యాభై నిమిషాల చదువుకు పది నిమిషాల నడక చేర్చండి. పడకకు అరగంట ముందే ఫోను పక్కన పెట్టండి. పరీక్షకు ముందు రాత్రి కొత్త పాఠం ముట్టవద్దు. హాల్ టికెట్టు, కలాలు సాయంత్రమే సర్దుకుని 10 గంటలకల్లా పడుకోండి. ఉదయం ఇడ్లీ వంటి తేలికైన ఫలహారం, మంచినీళ్ళు లేకుండా హాలుకు వెళ్ళవద్దు.

ఫలితాల నాడు

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ఫలితాలలో తప్పులు దొర్లాయన్న ఆందోళన రాగా, తప్పిన వారందరి జవాబు పత్రాలను రుసుము లేకుండా తిరిగి పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. పోయిన పిల్లలు తిరిగి రాలేదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. నూరుమంది అంతకు మించి విద్యార్థులున్న సంస్థలలో అర్హత గల మానసిక సలహాదారు ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను వేరు బ్యాచీలుగా విడదీయరాదని, అందరి ముందు అవమానించరాదని అందులో ఉంది. మీ పిల్లల కాలేజీలో ఇవి అమలవుతున్నాయా అని అడిగే హక్కు ప్రతి తల్లికి, తండ్రికి ఉంది.

పిల్ల తిండి మానినా, స్నేహితులతో మాట మానినా, తనకిష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, "నేను లేకపోతే మీకే మేలు" వంటి మాట అన్నా దానిని నాటకమనుకోకండి. పక్కన కూర్చోండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవలో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడేవారు ఉంటారు, రుసుము లేదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకండి.

"రోజుకు పదహారు గంటలు చదివినవారికే ర్యాంకులు వస్తున్నాయి కదా" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. వారి కష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే పత్రికల మొదటి పుటలో ర్యాంకులు వచ్చినవారి ఫోటోలే పడతాయి. అదే పదహారు గంటలు కూర్చుని ఏమీ రాక కుంగినవారి ఫోటోలు పడవు. వారెందరో లెక్క పెట్టకుండా ఆ పద్ధతి మంచిదని తేల్చలేము. తల్లిదండ్రుల భయమూ నాకు తెలుసు. సీట్లు తక్కువ, పొలం కుదువ పెట్టి ఫీజు కట్టినవారున్నారు. ఆ అప్పు పెద్దల మధ్యనే ఉండాలి. "నీ మీద ఇంత పెట్టాము" అన్న మాట ప్రతి ఆదివారం ఫోనులో విన్న పిల్ల, పరీక్ష హాలులో ప్రశ్నతో పాటు ఆ అప్పును కూడా తీర్చడానికి కూర్చుంటుంది.

కాలేజీలో చేర్చేటప్పుడు ర్యాంకులెన్ని అని అడగండి, తప్పు లేదు. దానితో పాటు రాత్రి దీపాలు ఎన్ని గంటలకు ఆర్పుతారు, రక్తపరీక్ష ఎప్పుడు చేయిస్తారు, బెంగ పెట్టుకున్న పిల్ల ఎవరితో మాట్లాడాలి అని కూడా అడగండి. పదిమంది తల్లిదండ్రులు అడిగితే కాలేజీవారు జవాబు వెదుక్కుంటారు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటి దగ్గరే ఉండి, పది వారాలు ఇనుము మాత్రలు వాడి, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయి, పగలు ఆరేడు గంటలు మాత్రమే చదివి, మే నెలలో సప్లిమెంటరీ వ్రాసి మంచి మార్కులతో గట్టెక్కింది. సంవత్సరం వృథా కాలేదు. తండ్రి మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి, "మీ టానిక్కు ఆలస్యంగానైనా పని చేసిందండీ" అన్నాడు. టానిక్కు కాదని, దీపావళి నాడే నేను అడగవలసినవి అడగలేదని ఆయనతో అప్పుడే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "చిన్నదాన్ని వచ్చే ఏడాది కాలేజీలో వేయాలి, దానికి కూడా రక్తం చూడండి" అన్నాడు.

(ఈ వ్యాసం ఆరోగ్య విషయాలపై అవగాహన కలిగించడానికి మాత్రమే. చికిత్స కొఱకు మీ వైద్యులను సంప్రదించండి.)