మబ్బును చూచి ముంత ఒలకబోసుకోవచ్చునా?

సాంకేతిక విషయాల్లో తెలుగు పండితుడి పెత్తనమేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చు. మాటకు అర్థం చెప్పడం నా వృత్తి. ఈ కాలంలో తప్పక అర్థం చెప్పుకోవలసిన మాట 'క్లౌడు'. దానిని మనవారు 'మేఘం' అని అనువదించి మురిసిపోతున్నారు. అనువాదం ఒప్పే. కాని కాళిదాసు యక్షుడు రామగిరి మీద నిలబడి మేఘానికి అప్పగించినది సందేశమొక్కటే. అలకాపురిలోని ఇంటి తాళపుచెవి అప్పగించలేదు. విరహవేదనలో ఉన్నవాడికి సైతం ఆ మాత్రం వివేకం మిగిలింది. నేడు మనకు అదే కరవైనది.

ముందుగా పూర్వపక్షం. 'వ్రాతలను సొంత యంత్రంలో దాచుకోవడం పాతకాలపు చాదస్తం. యంత్రం పాడవుతుంది, దొంగలెత్తుకుపోతారు. అన్నీ దూరాన ఉన్న సర్వర్లలో పెట్టుకుంటే ఎక్కడినుండైనా తెరచుకోవచ్చు. చేతిలో ఒక చిన్న కిటికీ ఉంటే చాలు' అని వీరి వాదం. ఈ వాదం మీద కట్టిన నిర్వహణ వ్యవస్థ ఒకటి నేను స్వయంగా వాడి చూచినది ఉన్నది గనుక, దానినే ఉదాహరణగా తీసుకుంటాను.

అది జోలి ఓఎస్. పారిస్‌లో తారిక్ క్రిమ్ అనే ఆయన, అంతకుముందు నెట్‌వైబ్స్ స్థాపించినవాడు, జోలిక్లౌడ్ పేరుతో దీనిని ఆరంభించాడు. ఉబుంటు లినక్సు దీనికి పునాది. నెట్‌బుక్కులనే చిన్న కలనయంత్రాల కోసమే దీనిని తీర్చిదిద్దారు. 2007లో వచ్చిన ఆసుస్ ఈ పీసీ మొదటి నమూనాలో దాపు స్థలం 4 గిగాబైట్లే. అంత ఇరుకింట్లో సామాను బయట పెట్టుకుందామనే ఆలోచన పుట్టడం సహజమే.

నా నెట్‌బుక్కు అంత ఇరుకైనది కాదు. పదంగుళాల తెర, ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసరు, 1 గిగాబైటు మెమరీ, 160 గిగాబైట్ల డిస్కు. 2011 వేసవి సెలవుల్లో, ఆ మార్చిలో విడుదలైన 1.2 కూర్పును దానిలో స్థాపించాను. మంచిని మంచి అనకపోవడం అధర్మం. వ్యవస్థ చురుకుగా లేచింది. వై-ఫైని తానే గుర్తించింది. ఉబుంటు పుణ్యమా అని తెలుగు ఖతి, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరాయి. వత్తులు, గుణింతాలు చెదరలేదు. నిలువున 600 చుక్కలే ఉన్న తెరపై, పైన గుడి, కింద వత్తు పెట్టుకొని నిలిచే మన లిపికి చోటు చాలదు గాని, ఆ దోషం తెరది.

ఇక అసలు విషయం. మొదటి తెర మీద పలకల వలె పేర్చిన చిత్రాల్లో అధికభాగం ఎక్కడెక్కడి సైట్లకో వాకిళ్ళు. అంతర్జాలం ఉన్నంతసేపు అది అలకాపురి. లేనప్పుడు అవి గోడమీద గీసిన తలుపులు. యంత్రంలో పనిచేసే ఉపకరణాలనూ అందులో స్థాపించుకోవచ్చు. నేను స్థాపించుకున్నాను. కాని ఆ వ్యవస్థ మొగ్గు అటు కాదు. ఆ మొదటి తెర సైతం వారి సర్వరుతో, వారి వద్ద తెరచిన ఖాతాతో ముడిపడినదే.

ఒక లెక్క వేద్దాం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. మూడువందల పుటల పుస్తకం ఎంత లావుగా లెక్కించినా 2 మెగాబైట్లు మించదు. అంటే నా 160 గిగాబైట్ల డిస్కులో వ్యవస్థకు ఇచ్చింది పోగా, సుమారు డెబ్బైవేల తెలుగు పుస్తకాలు పడతాయి. నేను జన్మంతా వ్రాసినా అందులో ఒక మూల నిండదు. ఇంత గాదె ఇంట్లో ఉండగా గుప్పెడు గింజలు దాచుకోవడానికి పొరుగు ఖండానికి పోవడమెందుకు?

2016లో జోలిక్లౌడ్ మూతపడింది. నేను నిందించడం లేదు. ఆదాయం లేని అంగడి మూతపడుతుంది. కాని అది ఒక్కటే కాదు. జియోసిటీస్ 2009లో, గూగుల్ రీడర్ 2013లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. అదే 2019లో మైక్రోసాఫ్టు తన ఈ-పుస్తకాల అంగడి ఎత్తివేసినప్పుడు, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాలు సైతం అదృశ్యమైనాయి. డబ్బు తిరిగి ఇచ్చారు, నిజమే. మీ అటక మీది భారతాన్ని అమ్మినవాడే వచ్చి పట్టుకుపోయి, చేతిలో రూపాయలు పెడితే దానిని న్యాయమంటారా?

'లినక్సు స్వేచ్ఛా సాఫ్టువేరు కదా, భయమేమిటి?' అని కొందరు అంటారు. ఇక్కడే సూక్ష్మం ఉన్నది. నా యంత్రంలో ఉన్న కోడు మీద నాకు హక్కు ఉన్నది. దూరాన సర్వరులో నడిచే కోడు మీద లేదు. ఈ చిల్లు పూడ్చడానికే 2007లో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ వారు అఫెరో జీపీఎల్ మూడవ కూర్పు వెలువరించారు. దానిని పాటించే సేవలెన్ని? ఉబుంటు పునాది అందరిదీ. దానిపై కట్టిన మేడ మెట్లు ఒకరి చేతిలోవి.

డిస్కు కూడా చెడుతుంది కదా అన్న ప్రశ్నకు నా సమాధానం సి.పి. బ్రౌను. తాటాకులకు చెదలు పడతాయని ఆయనకు తెలుసు. కడపలో పండితులను కూర్చోబెట్టి, దొరికిన ప్రతులన్నీ పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. గ్రంథాన్ని కాపాడేది ఒక భద్రమైన చోటు కాదు, అనేక ప్రతులు. ఆ ప్రతుల్లో ఒకటి మేఘంలో ఉండనీయండి, నాకు అభ్యంతరం లేదు. ఉన్న ఒక్క ప్రతీ అక్కడే ఉండడమే నేను ఖండిస్తున్నది. పెద్ద భాషలకు ఒక సైటు పోతే వేయి మిగులుతాయి. మన భాషలో ఒక మారుమూల మాండలికపు మాటల పట్టిక ఒక్కరే వ్రాసి ఉంటారు. అది పోతే పోయినట్లే.

నేటి ముచ్చట కూడా చెప్పాలి. పాత యంత్రాలకు ప్రాణం పోస్తామంటూ 2022లో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ వచ్చింది. అది 64 బిట్ల యంత్రాలకే. నా ఎన్270 ముప్పైరెండు బిట్లది గనుక దానికి ప్రవేశం లేదు. 2023లో వచ్చిన డెబియన్ 12 మాత్రం కాదనలేదు. 2025లో వచ్చిన 13వ కూర్పు ఇటువంటి యంత్రాలకు స్థాపన సౌకర్యం ఆపివేసింది, అయినా ఉన్నదానితో పని నడుస్తున్నది. ముసలి నెట్‌బుక్కును మేఘం ఉద్ధరిస్తుందన్నారు. మేఘం కరిగిపోయింది, నెట్‌బుక్కు మిగిలింది.

కాబట్టి మిత్రులారా, ఏ సేవలోనైనా మీ వ్రాత పెట్టేముందు రెండు ప్రశ్నలు వేయండి. దీనిని మొత్తంగా, సాదా పాఠ్యంగా వెనక్కి తీసుకోగలనా? తీసుకున్నది ఆ సంస్థ లేకుండా తెరచుకోగలనా? రెంటికీ అవునని జవాబు వస్తే వాడుకోండి. అప్పుడు కూడా ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి స్నేహితుని ఇంట్లో ఉంచండి. మబ్బు కురిస్తే సంతోషమే. అంతవరకు ముంతలోని నీళ్ళు పారబోయకండి.

విభేదించేవారికి స్వాగతం. తర్కించండి, కాని తర్కించే ముందు మీ వ్రాతలకు ఒక ప్రతి తీసుకొని రండి.