యథార్థ గాథ అన్న అట్ట వేస్తే కథ అయిపోతుందా?

ముందే ఒక మనవి. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. సూర్యాపేటలో పుట్టి, అక్కడి హాళ్ళలో నేల టిక్కెట్టు మీద కూర్చుని పెరిగిన సగటు ప్రేక్షకుణ్ణి. అయినా ఈ టపా రాయక తప్పడం లేదు. అందుకు కారణం మా బావ.

కిందటి మాఘమాసంలో కోదాడలో మా మేనత్త గారింట పెళ్ళికి వెళ్ళాను. మా బావ మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాడు. పదేళ్ళుగా అతనికి సినిమా కథ రాయాలన్న పిచ్చి. భోజనాలయ్యాక షామియానా కింద నన్ను కూర్చోబెట్టి, చేతిసంచిలోంచి ఒక పొడుగాటి నోటుపుస్తకం తీశాడు.

"కథ కోసం ఊళ్ళు తిరుగుడెందుకు బావా? మన కథ మన మిర్యాలగూడలనే ఉన్నది. యథార్థ గాథ అని ముందుగాల్ల ఒక అట్ట పడితే సాలు, మిగిలింది అదే నడుస్తది" అన్నాడు.

ఏ కథో అడగనక్కరలేదు. పక్కన వక్కాకు నములుతున్న ఒక పెద్దాయన అందుకున్నాడు. "ఎంతైనా కన్నతండ్రి. ఆయన బాధ ఆయనకే ఎరుక." చుట్టూ ఉన్న నాలుగు తలలూ ఊగాయి. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని ఊరకున్నాను. ఆ ఊరకుండడం నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. అక్కడ చెప్పవలసిన మాట ఇక్కడ చెబుతున్నాను.

తెలియనివారి కోసం సంగతి క్లుప్తంగా. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. వారిది ఆ ఏడాది జనవరిలో జరిగిన కులాంతర వివాహం. కిరాయి ఇచ్చి చంపించాడని అమ్మాయి తండ్రి మీద కేసు నమోదైంది. విచారణ ముగియకుండానే 2020 మార్చిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు మిగిలిన నిందితుల్లో ఒకడికి మరణశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది.

దీని మీద సినిమా కూడా వచ్చింది. 2020 జూన్‌లో, సరిగ్గా నాన్నల దినోత్సవం నాడు, రామ్‌గోపాల్ వర్మ 'మర్డర్' అనే చిత్రాన్ని ప్రకటించారు. కింద 'కుటుంబ కథా చిత్రమ్' అన్న ఉపశీర్షిక. కూతుర్ని అతిగా ప్రేమించడం వల్ల వచ్చే ప్రమాదాల గురించిన సినిమా అని ఆయనే చెప్పుకున్నారు. విడుదల ఆపమని కొందరు కోర్టుకెక్కారు. కింది కోర్టు ఆపమంది, హైకోర్టు షరతులతో వదిలింది. చివరికి 2020 డిసెంబరు 24న అది విడుదలయింది.

తీయవచ్చా, తీయకూడదా అన్న చర్చ అప్పుడే చాలా జరిగింది. అందులోకి నేను పోను. తీయవద్దని నేను అనను కూడా. నా ఫిర్యాదు వేరు. అతి ప్రేమ అన్న ఆ ఒక్క మాట నీతికి చేసిన ద్రోహం సంగతి అటుంచి, ముందు నాటకానికే ద్రోహం చేసిందని నా వాదన.

ఎలాగో చెబుతాను. నాటకం అంటే సంఘటన కాదు. కత్తి దిగడం సంఘటన. ఆ కత్తి దిగకుండా ఉండే దారి ఒకటి తెరిచి ఉండగా, ఒక మనిషి దాన్ని చూసి కూడా మూసివేయడం నాటకం. పెళ్ళికీ హత్యకూ మధ్య ఏడు నెలలకు పైగా ఉంది. అంటే రెండు వందల పైచిలుకు ఉదయాలు. ప్రతి ఉదయమూ మనసు మార్చుకునే వీలున్న ఉదయమే. వీటిలో ఏ పదింటినైనా నిజాయితీగా తెర మీద చూపితే అది భయంకరమైన, గొప్ప నాటకం అవుతుంది. కానీ అతి ప్రేమే చేయించింది అన్నామనుకోండి, ఆ ఉదయాలన్నీ ఒక్కసారిగా చెరిగిపోతాయి. ప్రేమ ఒక జ్వరమైపోతుంది, జ్వరం వచ్చినవాడు కలవరించాడు అంతే. కలవరింతకు ఎంపిక ఉండదు. ఎంపిక లేనిచోట పాత్ర లేదు, పాత్ర లేనిచోట మిగిలేది పోలీసు పంచనామా.

మా బావ లాంటివారు ఇక్కడ అరిస్టాటిల్‌ను అడ్డం పెడతారు. నాటకానికి ప్రాణం కథావస్తువేననీ, పాత్ర రెండవదనీ ఆయన అన్న మాట నిజమే. కానీ ఆయన వస్తువు అన్నది జరిగిన సంగతుల కుప్పను కాదు, చర్యల కూర్పును. చరిత్రకారుడు జరిగినది చెబుతాడు, కవి జరగగలిగినది చెబుతాడు అని తేడా చూపినవాడు కూడా ఆయనే. మన భరతముని వైపు వచ్చినా అంతే. ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని కార్యానికి అయిదు అవస్థలు చెప్పాడు. అయిదింటికీ మూలం ఒకటే: ఎవరో ఒకరు ఏదో ఒకటి గట్టిగా కోరాలి, దాని కోసం పాటుపడాలి. కోరిక గలవాడు ఎవరో తేల్చుకోకుండా యథార్థ గాథ అని అట్ట వేస్తే పునాది లేని ఇంటికి సున్నం వేసినట్టే.

యథార్థం మీద నాకు కోపం ఉందనుకునేరు, లేదు. గురజాడ చేతిలో ఉన్నది యథార్థమే. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో ఓలి తీసుకుని చేసిన పెళ్ళిళ్ళు 1,034 అని ఒక లెక్క ఉన్నట్టు 'కన్యాశుల్కం' పీఠికలో ఆయనే రాసుకున్నాడు. ఇవాళ అయితే ఆ అంకెనే పోస్టరు మీద వేసుకునేవారు. ఆయన ఆ లెక్కను పీఠికలో వదిలేసి, నాటకంలోకి గిరీశాన్నీ మధురవాణినీ తెచ్చాడు. 1,034 పెళ్ళిళ్ళు మనకు గుర్తు లేవు. మధురవాణిని మరిచినవాడు లేడు.

మా సూర్యాపేట ప్రాంతానికి కూడా యథార్థాల కొరత ఏనాడూ లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఇక్కడి ప్రతి ఊరికీ ఒక కథ ఉంది. ఆ పోరాటం మీద బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన 1979 నాటి 'మా భూమి' ఎందుకు నిలిచింది? దర్శకుడు బెంగాలీ, ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల. ప్రాంతీయత కొలబద్దతో కొలిస్తే తేలిపోవాలి. తేలలేదు. రామయ్య ప్రతి మలుపులోనూ ఒక దారి వదిలి ఇంకొక దారి పట్టడం మనం చూస్తాం. ఊరు వదులుతాడు, మళ్ళీ ఊరికి వస్తాడు. సైన్యం వచ్చాక, దొరలు తిరిగి వచ్చాక, ఇక చాలు అని ఇంట్లో కూర్చునే వీలుంది. కూర్చోడు. ఆ కూర్చోకపోవడమే సినిమా.

ఇప్పుడు అసలు ఉదాహరణకు వస్తాను. పెళ్ళి జరిగిన ఆ కోదాడకు దగ్గరలోనే గుడిబండ ఉంది. 'కత్తి' కాంతారావు పుట్టిన ఊరు. మా వైపు ఆయన పేరెత్తితే అందరికీ గుర్తొచ్చేది విఠలాచార్య జానపదాలు, కత్తియుద్ధాలు. కానీ మా నాయనమ్మకు ఆయన ఒక్క పాత్రలోనే గుర్తు: 1963 నాటి 'లవకుశ'లో లక్ష్మణుడు.

నా చిన్నతనంలో ఆ సినిమా మా ఊరికి మళ్ళీ వచ్చినప్పుడు నాయనమ్మ వెంట వెళ్ళాను. కథ ఆమెకు తెలుసు, నాకు తెలుసు, హాల్లో అందరికీ తెలుసు. ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ ఒక్క చుక్క కూడా లేదు. అయినా లక్ష్మణుడు గర్భవతి అయిన వదినను రథమెక్కించుకుని అడవికి తీసుకువెళ్ళే ఘట్టం వచ్చేసరికి హాలంతా బిగుసుకుపోయింది. బయటికొచ్చాక ఆమె అన్నది ఒక్కటే మాట. "గా లక్ష్మణుని మొఖం జూసినవా బిడ్డా? చెప్పలేక సచ్చిండు."

ఇంతకన్నా మంచి నాటక విమర్శ నేను ఆ తర్వాత ఎక్కడా చదవలేదు. అన్న ఆజ్ఞ ఒకవైపు, వదిన నమ్మకం ఒకవైపు. రెండూ ధర్మాలే. ఏది నిలబెట్టినా రెండవది కూలుతుంది. కత్తి పట్టి పదిమందిని ఎదిరించే గుడిబండ వీరుడికి ఆ సన్నివేశంలో కత్తి అక్కరకు రాదు. వస్తువు రామాయణమంత పాతది, రహస్యం ఏదీ లేదు, మలుపు లేదు. ఉన్నది ఒక మనిషి ఇరుకున పడడం. జనం బండ్లు కట్టుకుని వచ్చి చూసింది దాన్ని.

మిత్రులారా, ఇక్కడొక సంగతి గమనించండి. 'లవకుశ' కూడా పరువు కథే. లోకనిందకు వెరచి గర్భవతిని ఇంటి నుంచి పంపివేసిన కథ. పంపినవాడు దేవుడు. అంతటివాడి కథ చెబుతూ కూడా ఆ సినిమా ఏం చేసిందో చూడండి. ఆజ్ఞ ఇచ్చినవాడు ఏడవడం చూపింది, అమలు చేసినవాడు కుంగిపోవడం చూపింది. కానీ ఆ ఏడుపుల దగ్గర ఆగలేదు. కథంతా అడవికి వెళ్ళిన సీత వెంట నడిచింది. చివర సింహాసనం పిలుస్తున్నా సీత వెనక్కు రాలేదు, భూమాత ఒడికి వెళ్ళిపోయింది. ఆఖరి నిర్ణయం రాముడిది కాదు, ఆమెది. పరువు కోసం ఎవరిని బలి ఇచ్చారో వారికే చివరి మాట దక్కింది. భక్తి చిత్రమని మనం చేతులు జోడించే సినిమాకు ఉన్న ఈ ధైర్యం, నిర్భయంగా తీస్తున్నామని చెప్పుకునేవారికి ఎందుకు లేకపోయింది?

పాత సినిమాల సంగతి ఎందుకు, ఇప్పటి జనానికి అవి ఎక్కవు అంటారా? 'మర్డర్' వచ్చిన సరిగ్గా 50 రోజులకు, 2021 ఫిబ్రవరి 12న, 'ఉప్పెన' వచ్చింది. అదీ పరువు పిచ్చి పట్టిన తండ్రి కథే, అదీ కులం దాటిన ప్రేమే. బుచ్చిబాబు కొత్త దర్శకుడు, నాయికా నాయకులూ కొత్తవారు. ఆ సినిమాలో లోపాలు నేను పది చెప్పగలను. కానీ పతాక సన్నివేశంలో తండ్రిని ఎదురుగా నిలబెట్టి కూతురు మాట్లాడుతుంది. మగతనం గురించి, పరువు గురించి తండ్రి కట్టుకున్న గోడను ఆ మాటలు కూల్చేస్తాయి. జనం విరగబడి చూశారు, జాతీయ పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రమూ అదే అయింది. మరాఠీలో నాగరాజ్ మంజులే 2016లో తీసిన 'సైరాట్' సరే సరి. ఇల్లు వదిలిన ఆ జంట తలదాచుకున్నది మన హైదరాబాదులోనే. ఆ సినిమా కూడా చంపినవారి గుండెల్లోకి తొంగిచూస్తూ కూర్చోలేదు, అర్చి మొండితనం వెంట నడిచింది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. హంతకుడి వైపు నుంచి కథ చెప్పే హక్కు రచయితకు లేదా? ఎందుకు లేదు, తప్పక ఉంది. ప్రపంచ సాహిత్యంలో గొప్ప విషాదాలు కొన్ని అలా పుట్టినవే. షేక్‌స్పియర్ 'మాక్బెత్' మొత్తం హంతకుడి వెంటే నడుస్తుంది. కానీ మాక్బెత్ తాను చేయబోయేది తప్పని ముందే తెలిసి చేస్తాడు. రాజ్యకాంక్షకు ప్రేమ అని పేరు పెట్టుకోడు. మిర్యాలగూడ తండ్రి కథ రాయదలచినవారు ఆయన చేత కూడా ఆ నిజం పలికించాలి. నేను ప్రేమించింది బిడ్డను కాదు, బజారులో నా తల ఎత్తును అని ఒక్క క్షణమైనా ఆ పాత్ర తనకు తాను ఒప్పుకోవాలి. ఆ క్షణం రాయగలిగితే నేను ముందు వరుసలో కూర్చుని చూస్తాను. అది రాయలేక ప్రేమ అని పేరు పెడితే, షామియానా కింద ఊగిన ఆ నాలుగు తలలకూ మనం ఒక వంక అందించినట్టే. వారు ముందునుంచీ నమ్ముతున్నదాన్నే తెర మీద చూసుకుని, తృప్తిగా ఇంటికి వెళతారు. ప్రేక్షకుణ్ణి వచ్చినవాణ్ణి వచ్చినట్టే పంపించే సినిమా ఎంత యథార్థమైతేనేం?

అన్నింటికన్నా విడ్డూరం, ఈ కథలో నిజంగా నిర్ణయాలు తీసుకున్నది ఎవరో అందరికీ తెలుసు. ఇష్టపడ్డవాణ్ణి పెళ్ళాడింది ఆమె. అతడు పోయాక పుట్టింటికి పోకుండా అత్తవారింట నిలిచింది ఆమె. బిడ్డను కన్నది ఆమె. కన్నతండ్రికి ఎదురుగా న్యాయం కోరింది ఆమె. భరతుడు చెప్పిన అయిదు అవస్థలూ ఆమె పక్కనే ఉన్నాయి. కథ వెతికేవారి చూపు మాత్రం తండ్రి మీదనే ఆగింది.

పెళ్ళి నుంచి వచ్చిన వారానికి బావకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"అయితే మొదటికెళ్ళి రాయాల్నా బావా?" అన్నాడు చివరికి.

"రాయాలె. నీ పుస్తకంల ఆ పిల్ల ఎన్నిసార్లు మాట్లాడిందో ముందు లెక్కపెట్టు" అన్నాను.

మిల్లు లెక్కలు రాసే మనిషి కదా, అప్పటికప్పుడే కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఎనభై పేజీల్లో రెండుసార్లట. రెండుసార్లూ ఏడుపేనట.