వయసు చూసి తుక్కు అనకండి

పదిహేనేళ్ళు దాటిన చిన్న కారుకి మన దగ్గర దక్కే మర్యాద ఎంతో పెళ్ళి జరిగే ఫంక్షన్ హాలు గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కొత్త పెద్ద కారు వస్తే సెక్యూరిటీ అతను సలాం కొట్టి పోర్టికో దాకా దారి చూపిస్తాడు. మారుతి 800నో పాత శాంత్రోనో అయితే జనరేటర్ వెనక్కి, వంటవాళ్ళ వ్యాను పక్కకి పొమ్మంటాడు. లోపల బంధువుల పలకరింపు కూడా దానితోనే మొదలవుతుంది: "ఇంకా అదే కారా బావా, మార్చెయ్యరాదూ?" ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదినీ మోసిన బండి గురించి ఒక్క మంచిమాట ఎవరి నోటా రాదు. ఆ సెక్యూరిటీ అతని మీదా ఆ బంధువుల మీదా నాకు కోపం లేదు. కారు ఎలా ఉందో చూడకుండా ఎప్పుడు పుట్టిందో చూసి విలువ తేల్చేసే పద్ధతి బీమా ఆఫీసులోనూ అపార్ట్‌మెంటు సంఘంలోనూ, చివరికి ప్రభుత్వ నిబంధనల్లోనూ పాతుకుపోయింది. నా గోడు దాని గురించి.

నాది 2006 మోడల్ మారుతి 800. అవసరానికి నడుపుతున్నాను, ఇష్టంగానూ నడుపుతున్నాను.

ఈ కారు మనకేం చేసిందో కొత్త తరానికి చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. 1983 డిసెంబర్ 14న మొదటి కారు తాళంచెవి ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఒక మామూలు ఉద్యోగికి అందింది. అప్పటిదాకా కారంటే అంబాసిడర్, లేదంటే ప్రీమియర్ పద్మిని. డబ్బు కట్టినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. యాభై వేల రూపాయల చుట్టుపక్కల ధరకి వచ్చిన ఈ చిన్న బండి బడిపంతులుకీ, బ్యాంకు గుమస్తాకీ, కిరాణా కొట్టు యజమానికీ కారు మీద ఆశ పుట్టించింది. 2014 జనవరిలో తయారీ ఆగేలోగా మన దేశంలోనే పాతిక లక్షలకు పైగా అమ్ముడయింది. కారు నడపడం మనలో ఎంతమందిమి దాని స్టీరింగు పట్టుకుని నేర్చుకున్నామో! డ్రైవింగ్ స్కూలు పసుపు బోర్డు నెత్తిన పెట్టుకుని, క్లచ్ మీద మన అరికాళ్ళ బరువంతా ఓర్చుకుని, మనకి విద్య నేర్పింది ఇదే.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. షోరూములో అన్నిటికంటే చౌకైన కొత్త కారు కూడా మూడు లక్షల పైమాటే. రోడ్డు ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి, అప్పు మీద వడ్డీ కూడా వేసుకుంటే చిన్న జీతగాడికి ఐదారేళ్ళ బరువు. బీమా లెక్కల్లో నాలుగేళ్ళు దాటి ఐదో ఏట ఉన్న కారు విలువ సగానికి పడిపోతుంది. అంటే ఈఎంఐలు తీరేనాటికి చేతిలో మిగిలేది సగం కారే. బాగా చూసుకున్న పాత 800 లక్షలోపే దొరుకుతుంది. అప్పు అక్కర్లేదు. దాని ధర పడాల్సినంతా ముందు కొన్నవాళ్ళ చేతుల్లోనే పడిపోయింది కాబట్టి రెండేళ్ళు వాడుకుని అమ్మినా పెద్దగా నష్టపోం. వెయ్యి సీసీ లోపు కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ సవరణ ప్రకారం ఏడాదికి 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. పన్నెండు అంగుళాల టైర్లు నాలుగూ కొత్తవి వేయించినా పెద్ద ఎస్‌యూవీ టైరు ఒకటీ ఒకటిన్నర ధరలో పని అయిపోతుంది. బరువు ఏడువందల కిలోల లోపే కనుక లీటరు పెట్రోలుకి పదహారు పదిహేడు కిలోమీటర్లు తేలిగ్గా ఇస్తుంది.

విడిభాగాలు దొరకవేమోనని భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. 800లో ఉన్న 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ వంశమే ఓమ్నీలోనూ ఆల్టోలోనూ సాగింది. ఓమ్నీ 2019 దాకా వచ్చింది, ఆల్టో 800 2023 దాకా వచ్చింది. అందుకే క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, వాటర్ పంపు, సస్పెన్షన్ బుష్షులు విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే చాలు, ఏ మోడల్ అని రెండోమాట అడగకుండా తీసి కౌంటర్ మీద పెడతారు. చిన్న ఊళ్ళో షెడ్డుకి కూడా మధ్యాహ్నం బస్సు పార్సిల్లో వచ్చేస్తాయి. కొత్త కారుకి హెడ్‌లైటు పోతే లైటంతా కలిపి మార్చాలంటారు, వేలల్లో బిల్లు. దీనికి మేస్త్రీ బల్బు మార్చి పంపిస్తాడు.

ఇక నడపడంలో ఉన్న ఆనందం. సీట్లో కూర్చుంటే బోనెట్ అంచు కనిపిస్తుంది. అద్దాల మధ్య స్తంభాలు సన్నగా ఉండటంతో సందు మలుపులో సైకిలు మీద వచ్చే పిల్లాడు ముందే కంటపడతాడు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, చార్మినార్ వెనక గల్లీల్లో పెద్ద బండ్లు అద్దాలు ముడుచుకుని ఇరుక్కుపోయిన చోట ఇది ఒక్క తిప్పులో తిరిగి బయటపడుతుంది. పవర్ స్టీరింగు లేదు నిజమే. కానీ ముందు చక్రం కంకర మీద ఉందో తారు మీద ఉందో అరచేతికి తెలుస్తూనే ఉంటుంది. ఇంజిన్ ఏమంటోందో చెవికి వినిపిస్తుంది. ఏ గేరులో ఎంత లాగుతుందో, శ్రీశైలం ఘాట్‌లో ఏ మలుపు ముందు ఏసీ ఆపెయ్యాలో మనిషికీ బండికీ మధ్య ఒక అవగాహన కుదురుతుంది. ఎవరో గీత పెడితే రాత్రి నిద్ర పాడవదు. డిక్కీలో ఎరువు బస్తా వేసినా, వెనక సీట్లో కొబ్బరికాయల గోతం పెట్టినా ఇంట్లో ఎవరూ అరవరు. లక్షలు పోసి కొన్న కారుతో ఈ స్వేచ్ఛ రాదు, దాన్ని కాపాడుకుంటూ తిరగడమే సరిపోతుంది.

కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని కొనాలి. ఈ కార్లకి ఇంజిన్ కంటే ముందు రేకు పోతుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో తిరిగిన బండి పైకి తళతళలాడినా ఉప్పుగాలికి అడుగు తినేసి ఉండొచ్చు. కాళ్ళ కింది మ్యాటు ఎత్తి నేల రేకుని వేలితో నొక్కి చూడండి. తలుపుల అడుగు అంచులు, బ్యాటరీ కింది పళ్ళెం, జాకీ పెట్టే చోటు చూడండి. అక్కడ కొత్తగా నల్లరంగు పూసి ఉంటే అనుమానించండి. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి నేలల్లో తిరిగిన కారుకి రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇంజిన్ చల్లగా ఉండగానే, పొద్దున్నే వెళ్ళి స్టార్టు చేయించండి. స్టార్టవగానే నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, ఆయిలు మూత తీసి చూసినప్పుడు పాలకాఫీ రంగు కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందేమో మేస్త్రీతో చూపించకుండా బేరం మాట్లాడకండి.

ఎందుకంటే మన ఎండల్లో ఈ కారుకి అసలు శత్రువు వేడి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రేడియేటర్ ఫ్యాను తిరగకపోతే ఇంజిన్ హెడ్ వంగిపోవడానికి ఎంతోసేపు పట్టదు. చాలామంది కూలెంట్ ఖర్చుకి వెనకాడి బోరునీళ్ళు పోస్తారు. అందులోని సున్నం లోపల గారకట్టి దారులు మూసేస్తుంది. ఏటా వేసవికి ముందు రేడియేటర్ శుభ్రం చేయించి కూలెంట్ మార్చడం, రబ్బరు గొట్టాలు పిసికి చూసి గట్టిపడ్డవి పారెయ్యడం, ఇంతే అది అడిగేది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత యజమాని చెప్పలేకపోతే కొన్న వెంటనే మార్చించండి. ఈమధ్య ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కాబట్టి పెట్రోలు గొట్టాలు, గాస్కెట్ల మీద కన్ను మరింత ఉండాలి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి కారుని మూల నిలబెట్టకూడదు. కొత్త ఇంధనం తెచ్చినవాళ్ళు పాత కార్లున్న లక్షల ఇళ్ళకి ఈ ముక్క చేరేలా చెప్పి ఉండాల్సింది. అదీ మాకు షెడ్డులోనే తెలిసింది.

ఈ కారులో లేనివాటి గురించి కూడా దాచకుండా చెబుతాను. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, ముందు భాగం పొట్టి. జాతీయ రహదారి మీద నూట ఇరవైలో పరుగెత్తించడానికి ఇది తగదు, నేను అరవై డెబ్బై దాటించను, బెల్టు పెట్టుకోనివాళ్ళని ఎక్కించుకోను. కానీ దీన్ని కొత్త ఎస్‌యూవీ పక్కన పెట్టి ప్రమాదకరం అనేవాళ్ళని ఒకటి అడుగుతాను. ఈ కారు తీసేస్తే ఆ కుటుంబం ఎస్‌యూవీ ఎక్కుతుందా? మోటారు సైకిలు ఎక్కుతుంది. ట్యాంకు మీద ఒక బిడ్డ, మధ్యలో ఒక బిడ్డ, వెనక భార్య, వానలో, లారీల మధ్య. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళే. శ్రీకాకుళం ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాల్సిన మనిషి ఉన్న ఇంటికి, అర్ధరాత్రి నొప్పులొచ్చిన కూతురున్న ఇంటికి, పాత ఆల్టో ఒకటి వాకిట్లో ఉండటం అంటే ఏమిటో ఆ ఇంటివాళ్ళని అడగండి.

కాలుష్యం మాటా అంతే. కిలోమీటరుకి లెక్కిస్తే పాత ఇంజిన్ కొత్తదానికంటే ఎక్కువ పొగ వదులుతుందన్నది నిజం. మరి ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు తిరిగే చిన్న కారు వదిలే పొగ ఎంత, రోజూ ఒక్క మనిషిని మోస్తూ నగరమంతా తిరిగే టన్నున్నర బండి వదిలేది ఎంత? కొత్త కారు తయారీకి కాలిన బొగ్గు, కరిగిన ఉక్కు ఎవరి ఖాతాలో వేస్తున్నారు? పొగ పరీక్షలో తప్పితే ఆపండి, నేనూ ఒప్పుకుంటాను. నెగ్గిన కారుని వయసు పేరుతో శిక్షించడం న్యాయం కాదు.

శిక్ష అని ఊరికే అనడం లేదు. చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు. ఆ పొడిగింపుకి 600 రూపాయలుండే ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. ఇరవై ఏళ్ళు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో మళ్ళీ పెంచారు. గ్రీన్ ట్యాక్సు వేరు. అరవై వేలు చేసే బండికి ఇది ఎంత బరువో ఫీజు నిర్ణయించినవాళ్ళు లెక్కేసి చూశారా? ఢిల్లీలో పెట్రోలు కార్లకి పదిహేనేళ్ళు, డీజిలుకి పదేళ్ళు అన్న నియమం పెట్టి, 2025 జూలైలో బంకుల్లో పెట్రోలు కూడా పోయొద్దన్నారు. జనం గగ్గోలు పెడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆ వార్త ఇక్కడ ఎంత చేటు చేసిందంటే, మన రెండు రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేకపోయినా, భయపడి మంచి కార్లని తుక్కు ధరకి అమ్ముకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో సంగతి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా గుర్తించి ప్రత్యేక నంబరు ఇస్తారు. ఏసీ షెడ్డులో ముసుగు కప్పి దాచుకోగలిగినవాళ్ళ కారు అలా వారసత్వ సంపద అవుతుంది. రోజూ ఎండలో పనిచేసే ఇరవై ఏళ్ళ కారు మాత్రం తుక్కు. మొట్టమొదటి 800కి ఆ గౌరవం 2033లో రావాలి. దాన్ని కంపెనీ ఇప్పటికే బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకి పెట్టుకుంది. సంతోషమే. దాని తోబుట్టువులు ఇంకా రోడ్ల మీద బియ్యం బస్తాలు మోస్తున్నాయి, వాటికీ కాస్త గౌరవం ఇమ్మంటున్నాను.

వాటిని బతికిస్తున్న మేస్త్రీలకీ ఇవ్వాలి. చెవి ఆనించి వాల్వు చప్పుడు పట్టే మనిషికి, స్కానర్ లేకుండా ఏ ప్లగ్గు కొట్టడం లేదో చెప్పే మనిషికి ఏ సర్టిఫికెట్టూ లేదు. వాళ్ళ పిల్లలు షెడ్డుకి రావడం మానేశారు. కార్బొరేటర్ విప్పి కడిగి సరిగ్గా బిగించగలిగేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, అందరూ యాభై దాటినవాళ్ళే. ఐటీఐల్లో ఆ చేతిపనిని కొత్తదానితో పాటు నేర్పించడానికి ఏం అడ్డం?

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్దదేం కాదు. పరీక్ష కఠినంగా పెట్టండి, బ్రేకులు, రేకు, పొగ అన్నీ చూడండి, నెగ్గినదానికి ఫీజు వయసుని బట్టి కాక బరువుని బట్టి, తిరిగిన దూరాన్ని బట్టి వెయ్యండి. బీమా సంస్థలు మోడల్ సంవత్సరం చూడగానే ఫుల్ ఇన్సూరెన్స్ కుదరదనకుండా ఒక మనిషిని పంపి కారు చూడనివ్వండి. నా కారుని చూడటానికి మాత్రం బీమా సంస్థ నుంచి ఎవరూ రాలేదు.

ఇంట్లో పాత 800 మూల పడి ఉన్నవాళ్ళకి ఒక విన్నపం. తుక్కు ఏజెంటుకి ఫోన్ చేసేముందు మీ వీధి చివరి షెడ్డులో ఒక మాట చెప్పండి. ఎవరో ఒక కౌలు రైతో, కొత్తగా టైలరింగ్ షాపు పెట్టిన అమ్మాయో దానికోసం వెతుకుతూ ఉంటారు. ఇచ్చేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఆర్సీ వాళ్ళ పేరుకి మారేదాకా వెంటపడండి. మారకపోతే రేపు జరిగే ప్రమాదానికి బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది. బ్యాంకు అప్పు తీరినా ఆర్సీలో హైపోథికేషన్ అలాగే ఉండిపోయి ఉంటుంది, ఫారం 35తో దాన్ని తీయించండి. పెండింగు చలాన్లు కట్టెయ్యండి. టైమింగ్ బెల్టు, కూలెంట్ ఎప్పుడు మార్చారో ఒక కాగితం మీద రాసి, స్టెప్నీ, జాకీతో పాటు చేతికివ్వండి.