కాగితం ఉన్నవారికే సాయమా?

కరోనాతో కుదేలైన వ్యాపారాలను ఆదుకుంటామని కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో 20 లక్షల కోట్ల రూపాయల ఆత్మనిర్భర్ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 3 లక్షల కోట్లు చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు పూచీకత్తు లేని రుణాలు. అప్పు తీరకపోతే బ్యాంకుకు నూరు శాతం హామీ ప్రభుత్వానిదే. కష్టకాలంలో వ్యాపారిని ఆదుకోవద్దని మనం అనం. జనగామలో కిరాణా కొట్టు, మహబూబాబాద్‌లో మోటార్లు బాగుచేసే షెడ్డు, భూపాలపల్లిలో టీ హోటల్ నడవాలి. మన ప్రశ్న ఒక్కటే: ఆ సాయం వీళ్ల గడప తొక్కిందా?

నిబంధన చూడండి. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం మేర కొత్త అప్పు ఇచ్చారు. అంటే అప్పటికే బ్యాంకు అప్పు ఉన్నవారికే మళ్లీ అప్పు! గిరిగిరి వడ్డీకి తెచ్చి దుకాణం నడుపుకునే వారికి దక్కింది సున్నా. వీధి వ్యాపారులకు ప్రకటించిన 10 వేలు కూడా అప్పే. గిరాకీ లేని దుకాణానికి అప్పు మరో బరువు. ఆ గిరాకీ రైతు, కూలీల చేతిలో డబ్బులుంటేనే వస్తుంది.

రైతు సంగతేమిటి? మిర్చి చేతికొచ్చే మార్చిలోనే లాక్‌డౌన్ పడింది. అక్టోబరు వానలకు వరి నేలవాలింది, పత్తి నల్లబడింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఫసల్ బీమా నుంచి తప్పుకోవడంతో ఆ ఆసరా కూడా లేకుండా పోయింది.

2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలల మారటోరియం కాలానికి వడ్డీపై వడ్డీ సంగతి సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక, అక్టోబరు 23న కేంద్రం మాఫీ పథకం తెచ్చింది. 2 కోట్ల లోపు రుణాల్లో ఇల్లు, కారు, టీవీ, ఫ్రిజ్, చివరకు క్రెడిట్ కార్డు బాకీ కూడా ఉన్నాయి. పంట రుణం, ట్రాక్టర్ రుణం మాత్రం లేవు. పంట రుణానికి ఇప్పటికే వడ్డీ రాయితీ ఉంది కదా అనవచ్చు. మరి ట్రాక్టర్ రుణానికి ఆ రాయితీ ఎక్కడుంది? ఫ్రిజ్‌కు దక్కిన కనికరం దుక్కి దున్నే యంత్రానికి దక్కదా?

రైతుబంధు కింద 2020లో సీజన్‌కు ఎకరాకు 5 వేలు ఇచ్చారు, పీఎం కిసాన్ కింద ఏడాదికి 6 వేలు ఇస్తున్నారు. రెండూ పట్టా ఉన్నవారికే. కౌలు కట్టి, పెట్టుబడి పెట్టి నష్టపోయిన కౌలు రైతుకు ఏదీ రాదు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పోడు చేసుకుంటూ పట్టా దక్కని గిరిజనుడిదీ అదే గతి. బ్యాంకు గడపలో చిన్న దుకాణదారును ఆపింది కాగితమే, కౌలు రైతును ఆపిందీ కాగితమే.

అందుకే మన డిమాండ్లు స్పష్టం. వడ్డీపై వడ్డీ మాఫీని పంట, ట్రాక్టర్ రుణాలకు వర్తింపజేయాలి. 2011 చట్టం ప్రకారం కౌలు రైతులకు గుర్తింపు కార్డులిచ్చి పూచీకత్తు లేని రుణాలివ్వాలి. పోడు సాగుదారులకు అటవీ హక్కుల పట్టాలివ్వాలి. వానలకు దెబ్బతిన్న పంటను లెక్కగట్టి, సాగు చేసిన చేతికే పరిహారం అందించాలి. బ్యాంకు ముఖం చూడని చిన్న దుకాణాలకు కూడా హామీ రుణం ఇవ్వాలి.

2020 నవంబరు 26న దేశవ్యాప్త సమ్మె, 26, 27 తేదీల్లో 'ఛలో ఢిల్లీ' జరిగాయి. ఈ డిమాండ్లను ఊరూరా వినిపిద్దాం. బజారులోని చిన్న వ్యాపారినీ కలుపుకుందాం. రైతు చేతిలో పైసా ఆడితేనే అతని గల్లాపెట్టె నిండుతుంది.