విజిల్ వినిపించని కుక్కరు

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు సాగే రైలు మార్గంలో కర్గీ రోడ్ అనే స్టేషను వస్తుంది. అక్కడ దిగినవారు చేరే ఊరు కోటా. స్టేషనుకొక పేరు, ఊరికొక పేరు. రైల్వే ఉద్యోగాలను నమ్ముకొని ఈ బిలాస్‌పూర్ ప్రాంతానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచీ ఉన్నవి. తెల్లవారుజామున డ్యూటీకి బయలుదేరవలసిన మనిషి ఉన్న ఇంట్లో ప్రెషర్ కుక్కరు లేనిదే పొద్దు గడవదు.

అటువంటి ఇంట్లో ఒకనాడు కుక్కరు వెయిటు పోయిందనుకొనండి. గృహిణి బజారుకు వెళుతుంది. కంపెనీ వెయిటు ఆ రోజు దొరకదు. దుకాణదారు డబ్బాలో చేయిపెట్టి మరొకటి తీసి, “ఇది దేనికైనా సరిపోతుంది దీదీ” అంటాడు. సేఫ్టీ వాల్వు కూడా పాతబడిందని అదీ మార్చి ఇస్తాడు. కొద్ది రూపాయలతో పని తీరిపోయిందని ఆమె సంతోషిస్తుంది. వంటింటిలోకి ప్రమాదం అడుగుపెట్టే దారులలో ఇది ఒకటి.

ఎందుకో తెలియాలంటే కుక్కరులో జరిగేది కొంచెం తెలియాలి. ఇళ్లలో వాడే కుక్కరులో ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము. ఆ పీడనంలో నీరు దాదాపు 120 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాని మరగదు. పప్పు త్వరగా ఉడికేది అందుకే. మూత 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదంటే, దానిని లోపలి నుంచి తోసే బలం 300 కిలోల బరువుకు సమానం. మూడు బస్తాల ధాన్యాన్ని మోయగల బలాన్ని పొయ్యిమీద పెట్టి, గృహిణి పక్కనే కూరగాయలు తరుగుతూ ఉంటుందన్నమాట.

ఈ బలాన్ని అదుపులో ఉంచేవి రెండే చిన్న వస్తువులు. మొదటిది వెయిటు. అది ఎంత బరువుండవలెనో రంధ్రపు వైశాల్యాన్ని బట్టి లెక్కించి చేస్తారు. కనుక ఒక కంపెనీ వెయిటు మరొక కంపెనీ మూతకు పైకి అమరినట్లు కనిపించినా, లెక్క మాత్రం తప్పుతుంది. రెండవది సేఫ్టీ వాల్వు. దాని నడుమ తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహం ఉంటుంది. పప్పు నురుగు పొంగి రంధ్రాన్ని మూసివేసినా, నీరు ఇగిరిపోయినా, వేడి మితిమీరగానే ఆ లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. నకిలీ వాల్వులోని లోహం కరగవలసిన వేళకు కరగదు. అప్పుడు మూతే వాల్వు అవుతుంది.

ఇది ఊహ కాదు. ప్రెస్టీజ్ కుక్కర్లు ఒక కాలంలో ఉత్తర భారతంలో పేలిపోతున్నవని ఫిర్యాదులు వచ్చినవి. ఆ సంస్థకు దీర్ఘకాలం అధిపతిగా ఉన్న టి.టి. జగన్నాథన్ తరువాతి కాలంలో ఈ ఉదంతాన్ని వివరించారు. ఆరా తీయగా తేలినదేమంటే, బజారులో అమర్చిన నకిలీ సేఫ్టీ వాల్వులే అందుకు కారణం. నకిలీలను దేశమంతటా అరికట్టడం అసాధ్యమని గ్రహించి ఆయన మరొక ఉపాయం చేశారు. మూత అంచున చిన్న సందు విడిచారు. పీడనం హద్దు మీరితే గాస్కెట్టు ఆ సందులోంచి వెలికి వచ్చి ఆవిరిని విడిచిపెడుతుంది. 1679లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ ఆవిరి పాత్రను నిర్మించినప్పటి నుంచీ కుక్కరు చరిత్ర అంతా, ఒక రకంగా, ఆవిరి బయటపడే దారుల చరిత్రే.

కుక్కరు మొదటి నుంచే నాసిరకమైతే? ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసే ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చినది. అయినా ఆ ప్రమాణానికి అనుగుణంగా లేనివి ఇంటర్నెట్ అంగళ్లలో అమ్ముడయ్యాయి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్ ద్వారా అమ్ముడైన 2,265 కుక్కర్ల విషయంలోను, ఫ్లిప్‌కార్ట్ ద్వారా అమ్ముడైన 598 కుక్కర్ల విషయంలోను చర్య తీసుకొన్నది. ఒక్కొక్క సంస్థకు లక్ష రూపాయల జరిమానా విధించి, కొన్నవారికి తెలియజేసి కుక్కర్లను వెనక్కు తీసుకొని సొమ్ము తిరిగి ఇవ్వవలసిందని ఆదేశించినది. ఆ కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినవి. వస్తువు చేసినది తాము కాదు గదా అన్న వాదానికి ప్రాధికార సంస్థ ఇచ్చిన సమాధానం సూటిగా ఉన్నది: ప్రతి అమ్మకం మీదా రుసుము తీసుకొన్నవారు, లోపం బయటపడగానే తప్పుకొనడం కుదరదు.

గాయపడిన మనిషికి మాత్రం ఈ జరిమానాలతో ఒరిగేది లేదు. ఆ సొమ్ము ఆమెకు చేరదు. ఆమె తన నష్టపరిహారాన్ని తానే అడగవలె. 1986 నాటి చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే ఎదుటి పక్షం ఉన్నచోటికో, వ్యవహారం జరిగినచోటికో పోవలసి వచ్చేది. 2019 చట్టం ఈ చిక్కు తీర్చింది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. అంటే కుక్కరు కొన్నది విజయవాడలో అయినా, కోటా గృహిణి బిలాస్‌పూర్ జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఈ-జాగృతి ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. ఫీజును నిర్ణయించేది వస్తువుకు చెల్లించిన ధర. అది అయిదు లక్షల లోపు అయితే ఫీజే లేదు. గడువు రెండేళ్లు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి కంపెనీతో రాజీకి ప్రయత్నించవచ్చు గాని, ఆ హెల్ప్‌లైనుకు తీర్పు చెప్పే అధికారం లేదు.

ఇక్కడే బజారు వాల్వు మరొకసారి ఎదురవుతుంది. హాని జరిగే సమయానికి వస్తువు దుర్వినియోగానికో మార్పుకో లోనై ఉంటే విక్రేత మీద బాధ్యత మోపడానికి వీలు లేదని అదే చట్టంలోని 87వ సెక్షన్ చెబుతున్నది. తయారీదారు తరఫు వకీలు కూడా మొదట వెతికేది ఆ మార్పునే. కొద్ది రూపాయల వాల్వు మూతను ఎగరగొట్టడమే కాక, కేసును కూడా ఎగరగొట్టగలదు. అసలైన విడిభాగం కొని, దాని బిల్లును కుక్కరు బిల్లుతో కలిపి దాచుకొన్న ఇంటికి ఈ భయం లేదు.

ప్రమాదమే జరిగితే, కాలినచోట కనీసం ఇరవై నిమిషాలు చల్లని నీరు ధారగా పోసి ఆసుపత్రికి వెళ్లవలె. అక్కడి చీటీలో కాలిన కారణం వ్రాయించుకొనవలె. వంటింటి ఫొటోలు తీయించవలె. “మూత ఇచ్చేయండి, కొత్తది ఇస్తాం” అని దుకాణదారు అడిగితే ఇవ్వరాదు. లోపం పరీక్షిస్తే గాని తేలనిదైనప్పుడు కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. మూత, వెయిటు, వాల్వు, గాస్కెట్టు, గోడకు అంటిన పప్పుతో సహా ఏవి ఎక్కడ పడినవో చూసి, ముక్కలన్నీ ఒక సంచిలో కట్టి ఉంచవలె. మన ఇళ్లలో సహజంగా జరిగేది మాత్రం వేరు: మర్నాటికి మూత తోమి బోర్లించి ఉంటుంది, వారానికి పాతసామానుల వాడి బండిమీద ఉంటుంది.