ఒక్క డబ్బీతో ఫోను గరగర మాయం

ఇంటి ఫోను తీగమీదే ఇంటర్నెట్టు కూడా పెట్టించుకున్న అక్కచెల్లెళ్లకు ఈ తంటా తెలిసే ఉంటుంది. ఫోనెత్తితే చెవిలో ఒకటే గరగర. మాట్లాడినంతసేపూ నెట్టు తెగిపోతూ ఉంటుంది. లైను చెడిందనుకుంటాం గానీ, చాలాసార్లు లోపం ఇంట్లోనే ఉంటుంది.

ఒకే తీగమీద రెండూ నడుస్తాయి. మన మాట 300 నుంచి 3400 హెర్ట్జుల మధ్య ఉంటే, నెట్టు 25 వేల హెర్ట్జులకు పైన ఉంటుంది. జల్లెడ పట్టి పిండినీ రవ్వనీ వేరు చేసినట్టు వీటిని విడదీసే చిన్న డబ్బీ పేరు స్ప్లిట్టరు. 2005లో బి.ఎస్‌.ఎన్‌.ఎల్‌. బ్రాడ్‌బ్యాండు వచ్చినప్పటి నుంచీ ఈ పేరు మనవాళ్లకు పరిచయమే.

హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, అత్తమ్మ గదిలో ఒకటి ఫోన్లున్నాయనుకోండి. ఒక్కదానికే ఫిల్టరు పెట్టి మిగతావి వదిలేస్తే, ఆ వదిలేసినవే నెట్టును చెడగొడతాయి. అందుకే తీగ ఇంట్లోకి వచ్చే చోటే ఒక్క స్ప్లిట్టరు పెట్టాలి.

బిగించే పద్ధతి:

1. బయటి నుంచి వచ్చే తీగను 'లైన్‌' అని ఉన్నచోట కలపాలి.

2. ఇంట్లో ఫోన్లన్నిటికీ పోయే తీగ 'ఫోన్‌' దగ్గర కలపాలి.

3. 'మోడెమ్‌' దగ్గరి నుంచి మోడెముకు విడిగా ఒక తీగ లాగాలి. మధ్యలో జాయింట్లు వద్దు.

జాగ్రత్త! ఫోను తీగలో 48 వోల్టులుంటాయి, గంట మోగేటప్పుడు ఇంకా పెరుగుతుంది. బయటి తీగ ఊడదీశాకే పని మొదలుపెట్టండి. తడి చేతులతో, ఉరుములు మెరుపులప్పుడు ముట్టుకోవద్దు. బయటి పెట్టె జోలికి పోక లైన్‌మన్‌నే పిలవండి.

అయ్యాక ఒక్కో ఫోనూ ఎత్తి చూడండి. ఇంకా గరగరమంటే మోడెము తీసేసి వినండి. అప్పుడూ అంటే జాయింట్లు చూడాలి. మా మంగంపేటలాంటి ముగ్గురాళ్ల గనుల ఊళ్లలో దుమ్ముకు కొదవా? దుమ్మూ తేమా చేరితే జాయింట్లు పాడవుతాయి. ఇంట్లో జాయింట్లు బాగుంటే లోపం బయటి లైనుదే, ఫిర్యాదు చేయండి.

ఫైబరు వేయించుకున్నవాళ్లకు ఈ డబ్బీ అక్కర్లేదు. కాకపోతే కరెంటు పోతే బ్యాటరీ లేనిదే ఆ ఫోను పలకదు. రాగి తీగకు కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వస్తుంది కనుక, మామూలు తీగ ఫోను చీకట్లో కూడా పనిచేస్తుంది. అర్ధరాత్రి పెద్దవాళ్లకు ఆయాసం వచ్చి 108కి చేయాల్సి వస్తే దాని విలువ తెలుస్తుంది. రాగి లైను ఇంకా ఉన్నవాళ్లు మూలన పడేయకుండా సరిచేసుకోండి.